గంటల గుర్తుల నీళ్ల సీసా: పదహారు వారాల వాడకం తరువాత

కిందటి జూలై మొదటి వారంలో ఒక ఆన్‌లైన్ దుకాణంలో రెండు లీటర్ల నీళ్ల సీసా కొన్నాను. అట్టపెట్టె మీద 1,499 రూపాయలని ముద్రించి ఉన్నా, ఆ దుకాణం ఏడాది పొడవునా ఇస్తూనే ఉండే తగ్గింపు పోగా 549 రూపాయలకు వచ్చింది. లేత నీలం రంగు పారదర్శక ప్లాస్టిక్, మూతలో మడతపడే గొట్టం, పక్కన పిడి, ఒంటి నిండా గంటల గుర్తులు. ఉదయం 7 నుంచి రాత్రి 9 వరకు రెండేసి గంటలకు ఒక గీత, ప్రతి గీత పక్కన ఒక ఉత్సాహపు మాట. ఇదే అచ్చులో పోసిన సీసాలు పది పేర్లతో అమ్ముడవుతున్నాయి కనుక నా సీసా మీది పేరు ఇక్కడ రాయడం లేదు.

మామూలు సీసా అయితే దాని మీద ఇంత రాయవలసిన పని లేదు. దీన్ని నీళ్లు మోసుకుపోయే పాత్రగా గాక బరువు తగ్గించే సాధనంగా అమ్ముతున్నారు. పెట్టెలో వచ్చిన చిన్న కరపత్రం, రోజంతా గీతల ప్రకారం నీళ్లు తాగితే జీవక్రియ ముప్పై శాతం వేగం పుంజుకుంటుందనీ, కొవ్వు కరిగి మూత్రంతో పాటు బయటికి పోతుందనీ, ఐసు నీళ్లయితే ఫలితం రెట్టింపవుతుందనీ చెబుతుంది. కడుపులో చల్ల కదలకుండా సన్నబడాలనుకునే నాబోటి వారికి ఇంతకన్నా కమ్మని మాట ఉండదు. నాకు 52 ఏళ్లు. కళాశాలలో కామర్స్ బోధిస్తాను. షుగరు హద్దు మీద ఉందని, ఐదారు కిలోలు తగ్గితే మేలని డాక్టరు చెప్పిన నెలలోనే ఈ సీసా ప్రకటన నా ఫోనులో కనిపించింది. జమాఖర్చులు చెప్పే వృత్తి కాబట్టి ఈ సీసా విషయంలోనూ ఒక పుస్తకం పెట్టుకుని బరువు, తాగిన నీరు, తాగిన టీలు పదహారు వారాలు రాసుకున్నాను. ఈ సమీక్షకు ఆధారం ఆ పుస్తకమే.

ముందు సీసా సంగతి. వంటింటి త్రాసు మీద పెట్టి, ఒక మిల్లీలీటరు నీరు ఒక గ్రాము తూగుతుందన్న లెక్కతో కొలిచాను. అంచు వరకు నింపితే 2,010 మిల్లీలీటర్లు పట్టింది, కాబట్టి రెండు లీటర్లన్న మాట నిజమే. కానీ ఉదయం 7 అని రాసిన పై గీత వరకు నింపితే 1,860 మాత్రమే. గీతలన్నీ సమాన దూరంలో గీసినా సీసా నడుము దగ్గర సన్నంగా ఉండటం వల్ల గీతకూ గీతకూ మధ్య పట్టే నీరు సమానంగా లేదు. 7 నుంచి 9 మధ్య 310 మిల్లీలీటర్లు పడితే, 11 నుంచి 1 మధ్య 190 మాత్రమే పడుతుంది. అంటే మధ్యాహ్న భోజనానికి ముందటి రెండు గంటల్లో ఈ సీసా మన చేత తాగించేది రోజు మొత్తంలోకీ తక్కువ నీరు. మొదట దీన్ని అచ్చులోని చిన్న లోపం అనుకుని వదిలేశాను. అది అంత చిన్నది కాదని తరువాత తెలిసింది.

అడుగున త్రికోణంలో 7 అంకె ఉంది. బీపీఏ (కొన్ని ప్లాస్టిక్‌ల తయారీలో వాడే, ఆరోగ్యానికి మంచిది కాదన్న అనుమానమున్న రసాయనం) లేనిదని పెట్టె మీద రాశారు గానీ, 7 అనేది ఏ వర్గంలోనూ చేరని ప్లాస్టిక్‌లన్నిటికీ ఇచ్చే అంకె. బీపీఏతో తయారయ్యే పాలీకార్బనేట్ అనే గట్టి ప్లాస్టిక్ కూడా అందులోకే వస్తుంది. అందువల్ల ఆ అంకెను చూసి నిశ్చింతగా ఉండటానికీ లేదు, భయపడటానికీ లేదు. పరగడుపున గోరువెచ్చని నీళ్లు తాగే అలవాటున్నవారు దీంట్లో వేడి నీళ్లు పోయకపోవడమే మంచిది. నేను ఒక్కసారి పోస్తే మూత దగ్గరి మర కొద్దిగా సాగి, అప్పటి నుంచి సీసాను పక్కకు వాలిస్తే చెమ్మ దిగుతోంది. గొట్టం మరీ పెద్ద తలనొప్పి. మడతపడే చోట మూడో వారానికే నల్లని బూజు పట్టింది. దాన్ని శుభ్రం చేయడానికి సన్నని బ్రష్షు కావాలి, అది పెట్టెలో ఇవ్వరు. చివరికి గొట్టం పీకేసి, మూత తీసి గుక్కలు వేయడం మొదలుపెట్టాను.

బరువు మాట కూడా చెప్పాలి. నిండు సీసా రెండు కిలోలకు పైనే. ఉదయం పల్లెవెలుగు బస్సులో గంటంపావు ప్రయాణం, భుజాన పుస్తకాల సంచి, చేతిలో క్యారేజీ, వీటికి తోడు ఈ సీసా. మా అత్తగారు తన పెళ్లినాటి ఇత్తడి మరచెంబును బీరువా మీద నుంచి దింపి, "అమ్మాయ్, దీనికి మూత బిగిస్తే చుక్క కారదు, పైగా నీ సీసాలో సగం బరువు కూడా ఉండదు" అన్నారు. రైలు ప్రయాణాలకు మరచెంబు తప్ప మరొకటి ఎరుగని తరం అది. మర బిగువు విషయంలో మాత్రం ఆవిడ మాటే నెగ్గిందని ఒప్పుకోవాలి.

ఇక అసలు వాగ్దానం. మొదటి నాలుగు వారాలు కరపత్రం చెప్పినట్టు గీత తప్పకుండా తాగాను. ఆహారంలో ఏ మార్పూ చేయలేదు. జూలైలో 78.4 కిలోలు ఉన్న నేను ఆగస్టు మొదటి వారానికి 78.1 కిలోలకు వచ్చాను. ఆ 300 గ్రాముల తేడా ఏ పూట త్రాసు ఎక్కామన్న దాన్ని బట్టి వచ్చేసేదే. దాన్ని ఫలితంగా జమ కట్టుకోలేను.

కరపత్రంలోని ముప్పై శాతం మాట ఎక్కడిదా అని వెతికితే దానికో పుట్టుక ఉంది. 2003లో బెర్లిన్ పరిశోధకులు 14 మంది ఆరోగ్యవంతులకు అరలీటరు నీరు ఇచ్చి, తరువాత గంటన్నర పాటు వారి జీవక్రియను కొలిచారు. వేగం ముప్పై శాతం దాకా పెరిగిందన్నది నిజమే, కానీ అది కొద్దిసేపే. ఆ అరలీటరు వల్ల అదనంగా ఖర్చయిన శక్తిని వారే సుమారు 24 కేలరీలుగా లెక్కకట్టారు. మూడేళ్ల తరువాత స్విట్జర్లాండ్‌లో ఇదే ప్రయోగాన్ని మళ్లీ చేసినప్పుడు మామూలు నీటితో ఆ పెరుగుదల కనిపించనే లేదు. 3 డిగ్రీలకు చల్లార్చిన నీటితో కనిపించినది కూడా ఐదు శాతం లోపే. ఒక చిన్న ప్రయోగంలో వచ్చిన పెద్ద అంకెను పట్టుకుని, తరువాత వచ్చిన చిన్న అంకెను వదిలేసి కరపత్రం అచ్చు వేయించారన్నమాట. మా విద్యార్థులు ఖాతా రాసేటప్పుడు ఖర్చుల వైపు ఒక పద్దు ఎగ్గొట్టి లాభం చూపిస్తే నేను సున్నా వేస్తాను.

ఐసు నీళ్ల సంగతి తేల్చడానికి ప్రయోగశాల కూడా అక్కరలేదు. 4 డిగ్రీల నీరు అరలీటరు తాగితే దాన్ని 37 డిగ్రీల ఒంటి వేడికి తేవడానికి శరీరం వెచ్చించేది పదహారు పదిహేడు కేలరీలు. ఒక టీస్పూను చక్కెరలో ఉండేది ఇరవై. రోజుకు రెండు లీటర్లు ఐసు నీళ్లు తాగి, గొంతు పట్టేసి, దానికి ఉపశమనంగా చక్కెర వేసిన అల్లం టీ రెండు కప్పులు తాగితే లెక్క ఎటు తిరుగుతుందో చెప్పనక్కరలేదు. నా విషయంలో సరిగ్గా అదే జరిగింది. ఉదయాన్నే నిమ్మరసంలో తేనె కలుపుకుని తాగేవారు కూడా ఆ తేనె లెక్కను ఇదే పుస్తకంలో రాసుకోవాలి. కొవ్వు కరిగి నీటితో కొట్టుకుపోవడం అన్నది మాత్రం వట్టి మాట. ఒంట్లో కొవ్వు ఖర్చయినప్పుడు అందులో ఎక్కువ భాగం బొగ్గుపులుసు వాయువుగా మారి ఊపిరితో బయటికి పోతుంది. నీరు తాగినంత మాత్రాన అది మూత్రపిండాల దారి పట్టదు.

అయితే నీటికీ బరువుకూ సంబంధమే లేదా అంటే ఉంది. ఈ సీసా చేసినవారు దాన్ని పట్టించుకోలేదు, అంతే. 2010లో అమెరికాలోని వర్జీనియా టెక్ పరిశోధకులు 55 నుంచి 75 ఏళ్ల మధ్య వయసున్న 48 మందికి పన్నెండు వారాల పాటు తక్కువ కేలరీల ఆహారం పెట్టి, సగం మందిని మాత్రం మూడు పూటలా భోజనానికి ముందు అరలీటరు నీరు తాగమన్నారు. నీరు తాగినవారు మిగతావారి కన్నా సుమారు రెండు కిలోలు ఎక్కువ తగ్గారు. 2015లో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో 84 మందితో ఇటువంటిదే మరొకటి జరిగింది. అక్కడ ఒక వర్గానికి భోజనానికి అరగంట ముందు అరలీటరు నీరు తాగమని చెప్పి, రెండో వర్గాన్ని కడుపు నిండుగా ఉన్నట్టు ఊహించుకోమన్నారు. పన్నెండు వారాలకు తేడా 1.3 కిలోలు. గొప్ప అంకె కాదు, కానీ ఉట్టి నీటికి తక్కువేమీ కాదు. ఈ రెండింటిలోనూ గమనించవలసినది ఒక్కటే: రోజంతా ఎంత తాగారన్న దానితో కాదు, ఎప్పుడు తాగారన్న దానితోనే లెక్క. కడుపులో ముందే కొంత చోటు ఆక్రమించిన నీరు కంచంలోని నాలుగు ముద్దలను వద్దనిపిస్తుంది. వయసు మళ్లినవారిలో కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది కనుక వారిలో ఈ ప్రభావం ఎక్కువని, పడుచువారిలో అంతగా కనబడదని కూడా పరిశోధనలు చెబుతున్నాయి. పాతికేళ్ల వారు ఈ భాగాన్ని కొంత తగ్గించి చదువుకోవాలి.

తమాషా ఏమిటంటే ఇది మన ఇళ్లలో అందరికీ తెలిసినదే, కాకపోతే ఫిర్యాదు రూపంలో. "అన్నం ముందు నీళ్లు తాగకు, ఆకలి చచ్చిపోతుంది" అని పిల్లలను కసరని ఇల్లు లేదు. ఆగస్టులో నేను భోజనానికి ముందు అరలీటరు తాగడం మొదలుపెట్టినప్పుడు మా అత్తగారు సరిగ్గా ఆ మాటే అన్నారు. ఆకలి చావడమే నాకు కావలసిందని చెబితే ఆవిడ నమ్మలేనట్టు చూశారు. వాగ్భటుడు రాసిన పాత ఆయుర్వేద గ్రంథం అష్టాంగ హృదయంలోనూ భోజనం మధ్యలో నీరు తాగేవాడు ఉన్నట్టే ఉంటాడని, చివర తాగేవాడు లావెక్కుతాడని, ముందు తాగేవాడు చిక్కిపోతాడని ఉంది. ఆ కాలంలో అది హెచ్చరిక. బక్కచిక్కడం ఎవరికీ కోరిక కాని రోజులు అవి. చివర తాగితే లావెక్కుతారన్న భాగానికి ఆధునిక ఆధారం నాకు కనబడలేదు గాని, ముందు తాగడం గురించిన భాగం మాత్రం బర్మింగ్‌హామ్ దాకా వెళ్లి వచ్చినట్టే.

ఇప్పుడు సీసా నడుము దగ్గరికి మళ్లీ రావాలి. నేను మధ్యాహ్నం ఒంటిగంటకు క్యారేజీ విప్పుతాను. పన్నెండున్నరకు అరలీటరు తాగాలి. ఈ సీసా గీతలు పదకొండు నుంచి ఒంటిగంట వరకు నాకు కేటాయించినది 190 మిల్లీలీటర్లు. రాత్రి ఎనిమిదికి భోంచేసేవారికి 7, 9 గీతల మధ్య మిగిలిన నీటిలో సగం భోజనం తరువాత వస్తుంది. నీరు పని చేసే వేళలను వదిలేసి, దాన్ని రోజంతా సన్నగా పరిచిన పట్టిక ఇది. అందుకే ఆగస్టు రెండో వారంలో నెయిల్ పాలిష్ తుడిచే ద్రవంతో ఆ గీతలన్నీ చెరిపేసి, త్రాసు మీద కొలిచి, అరలీటరుకు ఒకటి చొప్పున మూడే గీతలు చెరగని పెన్నుతో గీసుకున్నాను. టిఫినుకు ముందు ఒకటి, మధ్యాహ్నానికి ఒకటి, రాత్రికి ఒకటి. ఉత్సాహపు మాటలు పోయినందుకు బాధ కలగలేదు. "శభాష్, సగం దూరం వచ్చేశావు" అని ఒక ప్లాస్టిక్ సీసా తరగతి గదిలో నన్ను మెచ్చుకుంటుంటే విద్యార్థుల ముందు సిగ్గుగా ఉండేది.

ఆ తరువాత పన్నెండు వారాల్లో 78.1 నుంచి 75.2 కిలోలకు వచ్చాను. 2.9 కిలోలు. ఈ అంకెను చూసి ఎవరూ సీసా కొనడానికి పరుగెత్తవద్దు, ఎందుకంటే పద్దులు విడదీస్తే కథ మారుతుంది. అదే కాలంలో కళాశాలలో తాగే మూడు టీలలో రెండింటిని మానేశాను. టీ వేళకు పక్కన నీళ్ల సీసా ఉండటం వల్ల మానగలిగాను కాబట్టి ఆ మేరకు సీసాకు పుణ్యం దక్కాలి. మా క్యాంటీన్ టీలో రెండు స్పూన్ల చక్కెర, చిక్కటి పాలు, అన్నీ కలిపి కప్పుకు తొంభై కేలరీలు వేసుకున్నాను. రోజుకు రెండు కప్పులు, 84 రోజులు, మొత్తం పదిహేను వేల పైచిలుకు. కిలో కొవ్వుకు సుమారు 7,700 కేలరీలన్న వాడుక లెక్క ప్రకారం ఇవే దాదాపు రెండు కిలోలు. ఆదివారాల టీలను కూడా కలిపేశాను కాబట్టి కొంత తరుగు తీసినా, తగ్గిన బరువులో పెద్ద వాటా మానేసిన చక్కెరదీ పాలదీ. భోజనానికి ముందు తాగిన నీటికి మిగిలేది కిలో, కిలో పైన కొంచెం. బర్మింగ్‌హామ్ అంకెకు దగ్గరగా ఉందని సంబరపడ్డాను గాని, ఒక్క మనిషి పుస్తకంతో ఏదీ రుజువు కాదు. దసరా సెలవుల్లో అరిసెలు, సున్నుండలు ముందు పెట్టినప్పుడు మాత్రం అరలీటరు కాదు, రెండు లీటర్లు తాగినా ఏ ప్రభావమూ లేదని అదే పుస్తకం సాక్ష్యం చెబుతోంది. ఆ పది రోజుల్లో 600 గ్రాములు పెరిగాను.

కూల్‌డ్రింకులు తాగేవారికి ఈ మార్పిడి ఇంకా లాభం. వాటిలో వంద మిల్లీలీటర్లకు పది పదకొండు గ్రాముల చక్కెర ఉంటుంది. వాటి స్థానంలో మంచినీళ్లు తాగితే ఏ సీసాతో తాగినా ఒకటే.

నీటిని విడిగా తాగడం కన్నా ఆహారంలో కలిపి తీసుకోవడం మేలు కావచ్చన్నది ఈ పదహారు వారాల్లో చదివిన వాటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న విషయం. 1999లో అమెరికాలో 24 మంది మహిళలతో ఒక పరిశీలన జరిగింది. ఒకరోజు ఒక వంటకాన్ని మాత్రమే, మరొకరోజు దాంతో పాటు గ్లాసు నీటిని, ఇంకొకరోజు అదే నీటిని ఆ వంటకంలోనే కలిపి సూపుగా ఇచ్చి, ఆ తరువాత భోజనంలో ఎంత తిన్నారో కొలిచారు. గ్లాసు నీరు పక్కన పెట్టినప్పుడు తేడా రాలేదు, సూపుగా ఇచ్చినప్పుడు తిండి తగ్గింది. ఆ ఫలితాన్ని మన చారుకూ, పల్చటి మజ్జిగకూ నేరుగా అంటగట్టే ధైర్యం చేయను. అయినా అక్టోబరులో రాత్రి పూట అరలీటరు నీళ్లకు బదులు ఒక గ్లాసు నీళ్లు, ఒక గిన్నెడు మిరియాల చారు తాగి చూస్తే, పది గంటలకు వంటింటి డబ్బాలు వెతకడం తగ్గింది. పైగా చారు రుచిగా ఉంటుంది.

ఆడవారి కోణంలో ఒక ఇబ్బంది గురించి ఏ ప్రకటనా మాట్లాడదు. రెండు లీటర్లు తాగిన మనిషి బాత్‌రూముకు వెళ్లాలి. బస్సులో గంటంపావు, తరువాత వరుసగా మూడు పీరియడ్లు, మహిళా సిబ్బంది బాత్‌రూము వెనుక భవనంలో, దాని తాళం అటెండరు దగ్గర. మాలో చాలామంది ఉదయం నుంచి నీళ్లే ముట్టకపోవడానికి కారణం బద్ధకం కాదు. ఈ సీసా పుణ్యమా అని నేను రోజుకు రెండుసార్లు తాళం అడిగేసరికి, మరో ముగ్గురు సహోద్యోగులు కూడా అడగడం మొదలుపెట్టారు, ఇప్పుడు తాళం స్టాఫ్‌రూములోనే ఉంటోంది. సీసా వల్ల కలిగిన మేళ్లలో నేను మొట్టమొదట లెక్కించేది ఇదే.

కరపత్రంలో ఒక వాక్యం మాత్రం తీసేయించాలి. పగలు గీతలు తప్పితే రాత్రి పడుకునే ముందు మిగిలినదంతా తాగి పూర్తి చేయమని ఉంది. మూత్రపిండాలు గంటకు సుమారు లీటరుకు మించి బయటికి పంపలేవు. కొద్ది వ్యవధిలో అంతకు మించి పోస్తే రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదికి రావచ్చు. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తం ఇచ్చిన 488 మంది పరుగు వీరుల్లో 13 శాతం మందికి సోడియం తగ్గి ఉండటానికి దారిలో మితిమీరి తాగడం ముఖ్య కారణం. ఇంట్లో కూర్చుని సీసా ఖాళీ చేసేవారికి అంత ప్రమాదం లేకపోయినా, నిద్ర మాత్రం పాడవుతుంది. నిద్ర చాలని మరునాడు ఆకలి ఎక్కువవుతుంది. గుండె బలహీనత, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి రోజుకు ఎంత నీరన్నది డాక్టరు నిర్ణయించాలి, సీసా మీది గీత కాదు. రోజుకు ఎనిమిది గ్లాసులన్నది కూడా కొలబద్దగానే తప్ప శాసనంగా తీసుకోనక్కరలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యవంతులకు చెప్పేది సుమారు రెండు లీటర్లే, ఎండల్లోనూ ఒళ్లు వంచి పని చేసేటప్పుడూ ఇంకా ఎక్కువ. 1945లో అమెరికా పోషకాహార మండలి రెండున్నర లీటర్లని రాసినప్పుడు, ఆ వెంటనే అందులో అధిక భాగం తినే ఆహారంలోనే ఉంటుందని కూడా రాసింది. ఆ రెండో వాక్యం జనంలోకి వెళ్లలేదు.

సీసాగా దీనికి ఐదుకు రెండున్నర ఇస్తాను. గొట్టం, మూత మర, నడుము దగ్గరి గీతలు, ఈ మూడూ దానికి చేటు. కింద పడితే పగలకపోవడం, ఎంత నీరు మిగిలిందో బయటికి కనబడటం దాని మంచి. బరువు తగ్గించే సాధనంగా మార్కులు వేయలేను. ఇంట్లో అరలీటరు గ్లాసు ఉన్నవారికి 549 రూపాయలు మిగిలినట్టే. రోజూ ప్రయాణాలు చేసేవారు, టీ వేళకు చేతికి ఏదో ఒకటి కావలసినవారు కొనదలిస్తే గొట్టం లేని, నేరుగా నిలిచే, ఒక లీటరు రకాన్ని చూడండి, దాన్ని దారిలో మళ్లీ నింపుకోవడం రెండు కిలోలు మోయడం కన్నా తేలిక. మూతలోని రబ్బరు వాషరు విడిగా దొరుకుతుందా అని అమ్మకందారుకు మూడుసార్లు రాశాను. మూడుసార్లూ కొత్త సీసా మీద ఇరవై శాతం తగ్గింపు కూపను వచ్చింది, వాషరు గురించి మాత్రం నీళ్లు నమిలారు. ప్రస్తుతం మా వీధి ప్లంబరు దగ్గర పది రూపాయలకు దొరికిన వాషరు వేసి వాడుతున్నాను; చెమ్మ కొంత తగ్గింది.